ఎవరు దిగాలి

"ఇంట్లో మనుషులు నిక్షేపంలా ఉండగా మూట కడతావేటే? ఎవులు పోతారని?"

అత్త అచ్చియ్యమ్మ ఆ మాట అంటున్నప్పుడు నూకరత్నం ఒక చేత్తో చారుకు పోపు వేస్తూ, రెండో చేత్తో సంచి సర్దుతోంది. తుఫాను తీరం దాటిందని ఉదయమే ఫోన్లో మెసేజి వచ్చింది. పెద్దేరు గట్టు తాకుతోంది. సంచిలో టార్చి లైటు, అటుకులు, బెల్లం, క్లోరిన్ బిళ్లలు, ఆధార్ కార్డులు. అన్నిటికన్నా పైన, థర్మాస్‌లో అత్త ఇన్సులిన్ సీసాలు, పక్కన సిరంజీలు.

ఇదంతా చోడవరంలో రెండు రోజుల తుఫాను ట్రైనింగులో నేర్చుకుంది. ఊరికొక డ్వాక్రా మహిళని రమ్మంటే, రెండు రోజుల వంట ముందే చేసిపెట్టి మరీ వెళ్లింది. తిరిగొచ్చిన సాయంత్రం భర్త హరిబాబు అరుగు మీద పదిమంది ముందు, "మా ఆవిడ తుఫాన్ని ఆపీడం నేర్చుకొచ్చిందిరా. ఒసే, ఓసారి ఆపి సూపించు," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, అందరికీ టీ తెచ్చింది. టీ తెచ్చినందుకు ఇప్పటికీ ఆమెకు తన మీద తనకే కోపం.

మధ్యాహ్నానికి నీళ్లు వీధిలోకి వచ్చాయి. బియ్యం బస్తాలు అటక మీదికి ఎక్కించింది ఆమె. గేదెను విప్పి గట్టుకు తోలింది ఆమె. హరిబాబు ఫోన్లో వీడియో తీశాడు. నలుగురితోపాటు బడి మేడ మీదికి చేరాక, సాయంత్రం ఇంజెక్షన్ వేళకి సంచి విప్పితే, లోపల రెండు పట్టుచీరలు, ఇత్తడి కుందులు.

"నేనే తీసీసేను," అంది అచ్చియ్యమ్మ. "మందులు మూట కడితే సావుకి దారి సూపినట్టే. ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉండే సోటే ఎట్టేసేను."

"నువ్వు సూసుకోవద్దా?" హరిబాబు పెళ్లాం మీద విరుచుకుపడ్డాడు. "ట్రైనింగులకి ఎల్లడం కాదు. బుర్రుండాలి."

ఆ రాత్రి గాలికి ఎవరూ గుమ్మం దాటలేకపోయారు. తెల్లారి పది గంటలకి వాన సన్నబడింది గానీ నీళ్లు తగ్గలేదు. అప్పటికి రెండు పూటల ఇంజెక్షన్ తప్పింది. అచ్చియ్యమ్మ మూడుసార్లు కక్కింది. ఊపిరి ఎగబీలుస్తోంది. నోట్లోంచి మగ్గిన పండు వాసన. ఆ వాసన వస్తే ఆలస్యం చెయ్యకూడదని నర్సమ్మ ఎప్పుడో చెప్పింది. నూకరత్నం మండలాఫీసుకి ఫోన్ చేసింది. వంతెన మీద నుంచి నీళ్లు పోతున్నాయి, పడవ రేపు ఉదయానికి గానీ రాదన్నారు.

ఇల్లు అక్కడికి కనిపిస్తూనే ఉంది. మధ్యలో వీధి. నడుం లోతు నీళ్లు, ఎర్రగా, ఒరుసుకుంటూ పోతున్నాయి.

"నువ్వెల్లి తే," అన్నాడు హరిబాబు. "ఫ్రిజ్‌లో ఏది ఎక్కడుందో నీకే కదా తెల్సు."

పక్కింటి పైడితల్లి తలెత్తింది. "అదేటి బాబూ, ఏరు ఈదీసినోడివి నువ్వు కదా. దానికి ఈత రాదు."

"నాకేటన్నా అయితే ఇల్లెలా నడుస్తాది?"

మాట చాలా మామూలుగా అన్నాడు, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు. గోడవారన పడుకున్న అచ్చియ్యమ్మ కళ్లు తెరవకుండానే, "ఒరే, నువ్వు దిగకు. దాన్ని పంపు," అంది.

నూకరత్నం నీళ్లకేసి చూసింది. పెళ్లై ఇరవై రెండేళ్లు. ఎదురుగా దండెం మీద వేలాడే తువ్వాలు కనపడక "ఏదే, ఎక్కడ ఎట్టేవు" అని కేకేసే మనిషి. బనీను, చెప్పులు, ట్రాక్టర్ తాళం, తల్లి మాత్రలు, అన్నీ ఆమె చేతుల మీదుగానే కదలాలి. ఇంట్లో వస్తువులు ఎక్కడున్నాయో తెలియకపోవడం బద్ధకమని ఇన్నాళ్లూ సరిపెట్టుకుంది. అది ఎంత పనికొచ్చే తెలియనితనమో ఇప్పుడు అర్థమైంది. నిన్న గేదెను ముందు గట్టు ఎక్కించాకే తనను బడికి రమ్మన్నాడు. ఆ వరుసలో తనెక్కడుందో లెక్క ఎవరూ దాచిపెట్టలేదు. ఆమే చూడలేదు. ఆ ముసలామె మాత్రం సాయంత్రందాకా ఆగదు. ఆమెను చావనివ్వడం నూకరత్నానికి ఇష్టం లేదు. తను చావడం అంతకన్నా ఇష్టం లేదు.

లేచింది. మేడ మెట్ల పక్కన చెరుకు బళ్లకు కట్టే మోకు చుట్ట ఉంది. బడి వంటగదిలో రెండు ఖాళీ నూనె క్యాన్లు. మూతలు బిగించి తెచ్చింది.

"ఈత రానోళ్లు నీళ్లలో దిగకూడదు. ట్రైనింగులో మొదట సెప్పింది అదే," అంటూ క్యాన్లు మొగుడి చంకల కింద కట్టింది. అతను తేరుకునేలోపే మోకు ఛాతీ చుట్టూ తిప్పి ముడి వేసింది, జారనిదీ బిగుసుకోనిదీ అయిన ముడి.

"ఏటిది, అందరి ముందూ..."

"మీ అమ్మే కదా."

అందరూ చూస్తున్నారు. పైడితల్లి ఒక కర్ర తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఒకళ్లూ నవ్వలేదు. మోకు రెండో కొసను నూకరత్నం వరండా స్తంభానికి రెండు చుట్లు వేసి, కాలు తన్నిపెట్టి నిలబడింది.

మూడో మెట్టు మీద నీళ్లు తొడకు తగలగానే హరిబాబు ఆగి వెనక్కి తిరిగాడు. మొహం పాలిపోయింది. ఆ భయం నూకరత్నం ఎరిగినదే. అతని మొహంలో చూడటం ఇదే మొదలు.

"మోకు ఒదిలీయవు కదే?"

"తలుపు అరలో, గుడ్ల కింద ఉన్నాయి," అంది ఆమె, మోకు ఒక మూర వదులుతూ. "దిగండి."