నా చేతిరాతలో ఆయన సాక్ష్యం

ఆయన చెప్పే తెలుగుని నేను తమిళ అక్షరాల్లో రాస్తాను. మా ఆయన విజయరంగన్ వాళ్ళు నాలుగు తరాలుగా పుదుచ్చేరిలో వ్యాపారం చేసుకుంటున్న తెలుగువాళ్ళు. మామగారి కాలంలో క్రైస్తవులయ్యారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. నేను యానాం నుంచి కోడలిగా వచ్చి, బస్సుల మీది బోర్డులు చూసి తమిళం చదవడం నేర్చుకున్నాను కాబట్టి, ఇడ్లీ పిండి రుబ్బడంతో పాటు ఈ పని కూడా నాదే అయింది. తమిళంలో పకీ బకీ ఒకటే అక్షరం. బ అని పలకాల్సిన చోట కింద చిన్న చుక్క పెడతాను. ఆ చుక్కలు చూసుకుంటూ ఆయన మైకు ముందు గడగడా చదివేస్తారు. ఎంత బాగా మాట్లాడారు బ్రదర్ అని అందరూ వచ్చి ఆయనకి చెయ్యి కలిపి వెళ్తారు.

ఈసారి రాస్తున్నది బహ్రెయిన్, మస్కట్ ప్రయాణానికి. అక్కడ మనవాళ్ళు, దుకాణాలవాళ్ళు, కార్గో ఏజెంట్లు, చిన్న కాంట్రాక్టర్లు కలిసి క్రైస్తవ వ్యాపారుల సహవాసాలు పెట్టుకున్నారట. వ్యాపారాలు నీరసించి, వచ్చేవాళ్ళు రావడం మానేసి, గుంపులు చెదిరిపోతున్నాయట. మా ఇద్దర్నీ ఒక పది రోజులు వచ్చి ధైర్యం చెప్పి వెళ్ళమని పిలిచారు. ఇక్కడే పుదుచ్చేరి మేట్టుపాళయంలో అట్టపెట్టెల యూనిట్ నడుపుకునే మనిషికి అంత దూరం నుంచి పిలుపు ఎందుకొచ్చిందంటే, దేవుడు మాకు చేసిన మేలు ఇదీ అని సభల్లో ఆయన చెప్పే సాక్ష్యం వల్ల. ఆ సాక్ష్యం నా గురించి.

నాకు ఫిట్స్ వస్తాయి. పెళ్ళైన రెండో ఏడు మొదలయ్యాయి. ఆసుపత్రి వరండాలో మోకాళ్ళూని ఆయన ఏడ్చిన మాట నిజం. ప్రార్థన చేసిన మాటా నిజం. డాక్టరమ్మ మందు మార్చిందన్నదీ నిజమే, కానీ అది సాక్ష్యంలోకి ఎక్కలేదు. మొదటిసారి మా సోమవారం సహవాసంలో, నేను నలభై మందికి ఇడ్లీలు వడ్డిస్తుండగా, మా ఇంటామెకి జబ్బు తగ్గింది అన్నారు. ఏడాది తిరిగేసరికి తగ్గింది కాస్తా పోయింది అయింది. పోయినేడు చెన్నై కూటంలో ఏకంగా నేను నా బిళ్ళలన్నీ పట్టుకెళ్ళి సముద్రంలో పారేశాను. రెండో వరసలో కూర్చున్న నాకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది. జనం ఏడ్చారు. ఆడవాళ్ళు వచ్చి నా తల తాకి వెళ్ళారు. ఇంటికొచ్చాక అడిగితే, "మనుషులకి విశ్వాసం పెరగాలంటే రొంత అట్ల చెప్పాల. దాంట్లో తప్పేముండాది?" అన్నారు.

మర్నాడు పొద్దున కూడా బిళ్ళ వేసుకున్నాను. నాకు దేవుడితో పేచీ లేదు. బిళ్ళ మింగేముందు కళ్ళు మూసుకుని ఆ దేవుడికే చెప్పుకుంటాను. దగ్గర్లో కొంటే సంఘంవాళ్ళు చూస్తారని బస్సెక్కి ముదలియార్‌పేట వెళ్ళి కొని, కూరగాయల సంచిలో అడుగున పెట్టి తెచ్చుకుంటాను, దొంగసొత్తు మోసుకొచ్చినట్టు. మా అత్తగారు సుందరమ్మ గారి బీపీ బిళ్ళలు మాత్రం టీవీ పక్కనే, వచ్చినవాళ్ళందరికీ కనపడేట్టు ఉంటాయి. ఆవిడ బీపీ ఎవరి సాక్ష్యంలోనూ లేదు మరి.

ఫిబ్రవరిలో జ్వరం వచ్చి, రెండు పూటలు మందు వాంతి అయిపోతే, పొయ్యి దగ్గరే పడిపోయాను. మోచేతి కింద కాలిన మచ్చ ఇంకా నల్లగానే ఉంది. "ఉపాసముండి కళ్ళు తిరిగినాయి, అంతే" అని అత్తయ్య పక్కింటివాళ్ళకి చెప్పింది. ఈ ప్రయాణానికి ఆయన నాకు కుట్టించిన జాకెట్లన్నీ పొడుగు చేతులవి.

ఇవాళ పొద్దున బిళ్ళ వేసుకుని వచ్చి చూస్తే, ప్రయాణానికని సూట్‌కేసులో చీరల మధ్య పెట్టిన బిళ్ళల అట్టలు కనపడలేదు.

"నేనే తీసినా," అన్నారాయన గడ్డం గీసుకుంటూ. "ఆడ మనం దిగేది బ్రదర్స్ ఇండ్లల్లో. ఎవురన్నా చూస్తే ఏందని చెప్పేది?"

"ఒక్క పూట కూడా మానకూడదని డాక్టరమ్మ చెప్పింది కదండీ."

"పది దినాలే గదా. ఈడికొచ్చినాక ఏసుకో, ఎవురొద్దన్నారు? నువ్వు సుమ్మా నా పక్కన నిలబడితే చాలు."

సుమ్మా అంటే ఊరికే. పన్నెండేళ్ళుగా ఈ ఇంట్లో నేను సుమ్మానే ఉంటున్నాను, ఇంత చాకిరీ చేస్తూ. నా మొహం చూసి, ధైర్యం చెబుదామనుకున్నారేమో, మూడు రోజుల కిందట ఫోన్లో వచ్చిన ఒక వాయిస్ మెసేజ్ వినిపించారు. పైన పేరు బ్రదర్ కామరాజు, బహ్రెయిన్ అని ఉంది. గొంతు ఆడమనిషిది, మా యానాం యాస.

"వందనాలండి అక్కగారూ. నేను కామరాజు గారి ఇంటావిడ్నండి. మా పాపకి ఎనిమిదేళ్ళండి, మీకొచ్చిన జబ్బేనండి. మీ సాక్ష్యం వీడియోలో చూశామండి. శుక్రవారం మీరు పాప తలమీద చెయ్యి పెట్టాక మందులు ఆపేద్దామంటున్నారండి మావారు. నాకే కొంచెం భయంగా ఉందండి. మిమ్మల్ని చూస్తే పోద్దేమోనండి."

"చూసినావా, విశ్వాసం ఎట్ల పుడతాండాదో," అన్నారు. ఆయన కళ్ళు నిజంగానే తడిశాయి. నటన అయితే ఇంత భయమేసేది కాదు నాకు.

సాయంత్రానికి రాయడం పూర్తయింది. ఆయన హాల్లో నిలబడి బిగ్గరగా చదవడం మొదలుపెట్టారు. అత్తయ్య కింద కూర్చుని ములగాకు దూస్తోంది.

"అప్పుడు నా భార్య, తన చేతులతోనే, పిల్లల్ని సముద్రంలో పారేసింది."

అత్తయ్య పకపకా నవ్వింది. "ఏందిరా, పిల్లల్ని పారేసిందా? యాడన్నా ఇట్ల చదవబోతావు."

ఆయనా నవ్వారు. "చుక్క మరిచిపోయినావే. బిళ్ళ కాస్తా పిల్ల అయిపోయింది చూడు. పెట్టేయి," అని కాగితం నా ముందు పడేసి స్నానానికి వెళ్ళారు.

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆ చుక్క నేను కావాలని వదిలింది కాదు, నిజంగానే మరిచిపోయాను. కానీ ఎన్నిసార్లు చదివినా ఆ వాక్యంలో నాకు తప్పు కనపడలేదు. ఇన్నాళ్ళూ నా ఒంటిమీదికి వచ్చేదేగా అని ఊరుకున్నాను. ఆయన అబద్ధం చెప్తుంటే నేను కూర్చుని తలూపాను, పైగా అది రాసింది నేనే. శుక్రవారం ఆ పాప తలమీద పెట్టబోయేదీ నా చెయ్యే.

ఆయన ఫోను టీపాయ్ మీదే ఉంది. తీసి, పొద్దున విన్న ఆ మెసేజ్ కిందే మైకు గుర్తు నొక్కిపట్టి మాట్లాడాను.

"నేను విజయరంగన్ గారి భార్యనండి. నా పేరు సుష్మిత. పాపకి మందు ఆపకండి. నేనెప్పుడూ ఆపలేదు. ఇవాళ పొద్దున కూడా వేసుకున్నాను."

అత్తయ్య చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. "ఎంత పని చేసినావే," అంది మెల్లిగా. బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగింది.

రెండు నిమిషాల్లో ఫోను మోగింది. ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, "ఎవురు? ఇట్లియ్యి," అని చెయ్యి చాపారు. ఇవ్వలేదు. చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల ఉన్నది కామరాజు గారు కాదు, ఆవిడే. ఏడుస్తోంది.

"మావారు ముందే ఆపించేశారండి అక్కగారూ. రెండ్రోజులైందండి. పొద్దుట్నుంచీ పాప అదోలా చూస్తోందండి."

ఆయన చెయ్యి ఇంకా చాచే ఉంది. నేను గోడవైపు తిరిగాను.

"ఇప్పుడే మందు వెయ్యమ్మా," అన్నాను. "వేసి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసికెళ్ళు. నేను లైన్లోనే ఉంటాను."