కొంచెమే కుంగే సైకిలు

అక్క కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. సెలవు దొరికితే ఇద్దరూ ఊరి వెనక కొండకు సైకిళ్ళు తీసుకుపోతారు. తమ్ముడిది కొండ దిగడానికే చేసిన బండి. కుదుపులు ఆపే దాని షాకులు జానెడు కుంగుతాయి. అక్కది కొంచెమే కుంగే తేలిక సైకిలు. ఎక్కేటప్పుడు హాయి. దిగేటప్పుడు మాత్రం ప్రతి రాయీ మణికట్టుకు తెలుస్తుంది.

"దీంతో ఈ దారి దిగితే పళ్ళు రాలతాయక్కా," అన్నాడు తమ్ముడు కొండ మీద.

"నా పళ్ళ సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు మలుపు మలుపుకీ ఈల వెయ్యి, అది చాలు."

లేడికి లేచిందే పరుగు. అతను వెళ్ళిపోయాడు. మొదటి మలుపులో ఈల వినిపించింది. తర్వాతి మలుపులోనూ వినిపించింది. ఆపైన లేదు.

ఆమె చెవులు రిక్కించింది. గాలి తప్ప ఏమీ లేదు. ఆటపట్టిస్తున్నాడేమో అని సర్దిచెప్పుకుంది గాని, గుండె ఆ మాట వినలేదు. బయలుదేరింది.

రాత్రి వానకు చెట్ల వేళ్ళు జారుతున్నాయి. తమ్ముడి బండి రాళ్ళ మీదుగా పోయే చోట ఆమె రాళ్ళ సందులు వెతుక్కోవాలి. ఒళ్ళు వెనక్కి వంచి, బ్రేకుల మీద వేళ్ళు బిగించి దిగుతోంది.

చివరి ఈల వినిపించిన మలుపు దాటితే నిలువెత్తు గట్టు. అందరూ అక్కడి నుంచి ఎగిరి కింద దిగుతారు. దిగే చోటు అంచు దాకా వస్తేగాని కనబడదు. ఆమె సైకిలు ఆ దెబ్బకు తట్టుకోదు కనుక ఎప్పుడూ అంచున ఆగి, పక్క కాలిబాటన నడిపించుకుపోతుంది. ఆ రోజూ ఆగి, తొంగిచూసింది.

సరిగ్గా కింద తమ్ముడు పడి ఉన్నాడు. బండి అతని కాలి మీద ఉంది.

"ఒరేయ్, పలకరా."

"ఊపిరి అందలేదక్కా. ఇప్పుడు పర్లేదు. కాలే కదలట్లేదు."

అంతలో పైనుంచి సైకిలు గొలుసు చప్పుడు వినిపించింది. ఎవరో వేగంగా దిగుతున్నారు. వచ్చేవాడు ఎగిరితే తమ్ముడి మీదే పడతాడు. సైకిలును దారికి అడ్డంగా పడేసి, చేతులూపుతూ ఎదురు పరుగెత్తింది. ఆమె కేక కొండంతా మోగింది.

వచ్చిన మీసాలాయన బ్రేకులు నొక్కాడు. జారుతూ వచ్చి, ఆమె సైకిలు మీద పడి లేచాడు.

"మతి గానీ పోయిందా మీకు? దారి మధ్యలో..."

ఆమె కిందికి వేలు చూపించింది. ఆయన తొంగిచూసి, వెంటనే కాలిబాటన దిగాడు.

ఇద్దరూ కలిసి తమ్ముణ్ణి రోడ్డు దాకా మోశారు. ఆసుపత్రిలో కాలి ఎముక విరిగిందని కట్టు కట్టారు.

"అమ్మకి నువ్వే చెప్పు. నాకు నోరు రావట్లేదు," అంది అక్క.

తమ్ముడు ఫోన్ స్పీకరులో పెట్టి జరిగిందంతా చెప్పాడు. అమ్మ అంతా వింది.

"సరే. మీ అక్క ఏమైనా తిందా?" అని అడిగింది చివరికి.

అక్క మొహం తిప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది.