తూర్పు తిరగని తలుపు

నేను ఒక తలుపును. ఇంటి తలుపుననుకుని గడప కోసం వెతక్కండి. గుంటూరు పక్కన ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో చలిగదికి కాపలా నేను. జానెడు మందం, రేకు ఒళ్లు, చుట్టూ రబ్బరు అంచు. మీ ఇళ్లలో తలుపులు ఎవరొస్తారా అని ఎదురుచూస్తుంటాయి. నేను ఎవరికోసమూ చూడను. మూసుకుని ఉండటమే నా పని. అందుకు నాకు సిగ్గేమీ లేదు.

నేనెక్కడ నిలబడాలో ఇంజనీరు షరీఫ్ గారు ప్లానులోనే గీశారు. ఉత్తరం గోడకు, ముందొక చిన్న గది కట్టి దాని లోపల. బయటి వేడిగాలి ఆ గదిలోనే ఆగిపోవాలి, నా దాకా రాకూడదు. గోడలు లేచాయి, నన్ను బిగించారు. అప్పుడు గుర్తొచ్చాడు యజమాని వీరరాఘవయ్య గారికి సిద్ధాంతి! ఆయన వచ్చి, దిక్సూచి అరచేతిలో పెట్టుకుని చుట్టూ తిరిగి, "సింహద్వారం తూర్పున లేకపోతే లక్ష్మి నిలవదండీ" అన్నాడు.

"సింహద్వారం కాదు సార్, అది ఫ్రిజ్జు తలుపు" అన్నారు షరీఫ్ గారు.

ఎవరూ వినలేదు. తూర్పు గోడ పగలగొట్టి నన్ను అక్కడ పెట్టారు. ముందు గది లేదు. ఎదురుగా లారీలు, మొహాన ఎండ. పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడి తోరణం కట్టారు. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు తెలిసిన దిక్కులు రెండే. లోపల, బయట.

ఆ వేసవిలో అంకమ్మ అనే రైతు తన మిర్చి మొత్తం నా వెనక దాచింది. మిర్చి యార్డులో ధర పడిపోయింది, లేచేదాకా ఆగుదామని. ఆ కాయ పాడైతే వచ్చే ఏడు పైరు పెట్టే దారి లేదామెకు. నేను తెరుచుకున్నప్పుడల్లా వేడిగాలి దర్జాగా లోపలికి పోయేది. చల్లటి పైకప్పుకు తగిలి నీరై బస్తాల మీద కారేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఏం లాభం, నోరు లేదు కదా.

ఒకరోజు అంకమ్మ కాయ చూసుకుందామని వచ్చి బస్తాలో చెయ్యి పెట్టింది. ఆ తడి వేళ్లు తీసుకెళ్లి యజమాని మొహం ముందు పెట్టింది.

"ఏందయ్యా ఇది? చెమ్మెక్కితే బూజొచ్చిద్ది, రంగు పోయిద్ది. ఇంక నా కాయకి తూర్పు తిరిగి దణ్ణం పెట్టుకోమంటావా?"

"అది కాదమ్మా, వాస్తు..."

"నీ వాస్తు నీ ఇంట్లో చూసుకో. తలుపు మారుస్తావా, నా బస్తాలు ఇయ్యాలే ఎత్తుకుపొమ్మంటావా?"

"మాయి కూడా ఎత్తండి" అన్నారు వెనక నిలబడ్డ రైతులు.

అంతే, యజమాని దారికొచ్చారు. బస్తాలు పక్క గదిలోకి మార్చి, నన్ను షరీఫ్ గారు గీసిన చోటికే తెచ్చారు. లక్ష్మికి కోపం రాకుండా తూర్పు గోడకు ఒక చెక్క తలుపు అతికించారు. దాని వెనక ఇటుకలే. శుక్రవారం పసుపు దానికి, తోరణం దానికి, హారతి దానికి. పెట్టుకోండి, నాకేం? నాకు మిర్చి ఘాటు చాలు.

కార్తీకంలో ధర లేచింది. పైవరసలో తడిసిన కొద్ది కాయ పోయింది గానీ, మిగతాదంతా కోసిన రోజు ఎంత ఎర్రగా ఉందో అలాగే బయటికొచ్చింది. అది చూసి, కాయను కాపాడింది నేనైతే పూజలన్నీ ఆ చెక్క తలుపుకే పోతున్నాయని యజమాని భార్య సుభాషిణి గారికి నా మీద జాలి కలిగింది. పళ్లెంలో హారతి వెలిగించుకుని వచ్చి, నన్ను బార్లా తెరిపించి ఎదురుగా నిలబడ్డారు. చలి బయటికి పోతోంది. లోపల ఇంకా ఊళ్ల పంట ఉంది.

అంకమ్మ లారీ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. తన బస్తాలన్నీ అప్పటికే లారీ ఎక్కేశాయి.

"ముందు తలుపెయ్యమ్మా! దణ్ణం తర్వాత పెట్టుకుందువు గానీ. లోపల జనం కాయుంది" అంటూ రెండు చేతులా నన్ను నెట్టి మూసేసింది.

ఆ గాలికి హారతి ఆరిపోయింది. ఇన్నేళ్లలో నాకు జరిగిన అసలైన పూజ, ఆమె అలా నెట్టి మూయడమొక్కటే. రేపు ఇంకో సిద్ధాంతి వస్తే రానివ్వండి. నేను మూసుకునే ఉంటాను.