ఎలాగూ విప్పాం కదా

ట్రక్కు ముందు భాగంలో ఉండే నీళ్ళ డబ్బా మూత తీసి వాసన చూడగానే నోరీన్‌కి విషయం అర్థమైపోయింది. నీళ్ళలో డీజిల్ కంపు. తమ్ముణ్ణి కేకేసి చూపించింది. గార్త్ అందులో వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రుద్ది, పెళ్ళి కబురు విన్నవాడిలా మొహం వెలిగించుకున్నాడు.

"కప్పు పగిలిందక్కా."

పాత డీజిల్ ఇంజన్లలో ఇంజెక్టర్లు ఒక్కోటీ ఒక్కో చిన్న ఇత్తడి కప్పులో కూర్చుంటాయి. కప్పుకి బయట నీళ్ళు, లోపల డీజిల్. గోరంత పగులు చాలు, రెండూ కలిసిపోతాయి. అలాగే నడిపితే ఏదో ఒకరోజు నీళ్ళు సిలిండర్లోకి దిగి ఇంజను పీక నొక్కేస్తాయి. ఆ ట్రక్కు లేకపోతే నోరీన్‌కి పూట గడవదు. వేసవంతా ఆమె కంచరగాడిదలు కొండ బాటల మీద అడవిశాఖ వాళ్ళకి సామాన్లు మోస్తాయి, చలి మొదలయ్యాక వేటగాళ్ళకి. ఐదు కంచరగాడిదల్నీ, ఒక ముసలి ఆడగుర్రాన్నీ ట్రైలర్లో ఎక్కించి లాగగలిగేది ఆ పాత ట్రక్కొక్కటే. పూట గడవడం సంగతి అటుంచితే, మనుషులతో కన్నా వాటితోనే ఆమెకి మాటలు ఎక్కువ.

పడమటి కొండ వెనక అడవి అప్పటికే మూడు నాలుగు రోజులుగా తగలబడుతోంది. జిల్లా వాళ్ళ దగ్గర్నించి ఫోనుకి కబురొచ్చింది: మొదటి దశ, సిద్ధంగా ఉండండి. ఆగస్టు నెలాఖరులో ఆ లోయలో ఆ కబురు రాని ఇల్లుండదు. ఎవరూ ఉలిక్కిపడరు. నోరీన్ కూడా పడలేదు.

శనివారం పొద్దున్నే గార్త్ ఇంజను కుడివైపు మూత విప్పి, ఇంజెక్టర్లు లాగి, నీళ్ళ గొట్టంలోకి గాలి కొట్టాడు. మూడో గుంటలో బుడగలు వచ్చాయి. మిగతా మూడూ పొడిగా, శుభ్రంగా ఉన్నాయి.

"ఆ ఒక్కటీ మార్చి మూసెయ్. మధ్యాహ్నానికల్లా అయిపోతుంది" అంది నోరీన్.

"ఒక్కటేంటక్కా? ఎలాగూ విప్పాం కదా! ఈ వైపు నాలుగూ, ఆ వైపు నాలుగూ మార్చేస్తే ఇంకో ఇరవై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు."

"కొండ వెనక ఏం జరుగుతోందో కనిపిస్తోందా?"

"ఏటా జరిగేదే. ఎనిమిది కప్పులూ తెచ్చి పెట్టుకున్నాను కూడా."

ఆ లోయలో మగాళ్ళకి ఇదొక జబ్బు, మందు లేదు. నీళ్ళ పంపు మార్చడానికి కూర్చుంటారు, ఎలాగూ విప్పాం కదా అని బెల్టు మారుస్తారు, ఎలాగూ విప్పాం కదా అని ముందు భాగమంతా ఊడదీస్తారు. మంచు పడేనాటికి ట్రక్కు ఇటుకల మీదుంటుంది, పెళ్ళాం పుట్టింట్లో ఉంటుంది. గార్త్ పెళ్ళాం అలాగే పోయింది. అయినా వాడు బుద్ధి తెచ్చుకున్న పాపాన పోలేదు. ఇదంతా తెలిసి కూడా నోరీన్, "సరే, తొందరగా తెముల్చు" అంది. తర్వాత ఎవరి మీద ఎంత కోపం తెచ్చుకున్నా, ఆ సరే అన్నది తనే.

కప్పు లాగడం మొరటు పని. కప్పు లోపల మర కోసి, అందులోకి పొడుగాటి కడ్డీ బిగించి, కడ్డీ మీద జారే బరువుని ఠంగుమని పైకి కొట్టాలి. కొట్టగా కొట్టగా కప్పు పన్నులా ఊడొస్తుంది. కిందున్న పిస్టను మీద ఇత్తడి పొట్టు రాలకుండా గుడ్డ కుక్కాలి. నోరీన్ గుడ్డలు కుక్కింది, దీపం పట్టుకుంది, ఊడిన కప్పులు లెక్కపెట్టింది. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. విప్పిన ఇంజను మీద తెల్లటి బూడిద రాలడం మొదలుపెట్టింది. ఆమె ఇంట్లోంచి దుప్పటి తెచ్చి ఇంజను మీద గుడారంలా కట్టింది. ఆ దుప్పటి కింద తల దూర్చి గార్త్ ఈల వేస్తూ పని చేశాడు.

సాయంత్రానికి రెండో దశ కబురొచ్చింది: సామాన్లు సర్దుకోండి. ఎనిమిదో కప్పు మొండికేసింది. మర తెగిపోయింది కానీ కప్పు కదల్లేదు. ఉలితో చెక్కి, పటకారుతో పీకి, దాన్ని ముక్కలుగా తీసేసరికి ఆదివారం పొద్దెక్కింది. అది అసలు మార్చనవసరం లేని కప్పు. నోరీన్‌కి ఒళ్ళు మండింది, కానీ తమ్ముడి వేళ్ళ మీద నెత్తురు చూసి నోరు మూసుకుంది.

పచ్చ జిగురు రాసి కొత్త కప్పులు దిగగొట్టి, ఇంజెక్టర్లు తిరిగి బిగించాక గార్త్ వెనక్కి వాలి కూర్చున్నాడు.

"ఇంక ముట్టుకోకూడదు. జిగురు రేపు పొద్దుటిదాకా ఆరాలి. అప్పుడు నీళ్ళు పోస్తాం."

ఆ మాట నోట్లో ఉండగానే పక్క గడ్డిపొలం ఆర్విల్ జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. ఆర్విల్ అగ్నిమాపక దళానికి జీతం లేని కార్యకర్త. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి. ఆ రోజు ఆడలేదు.

"మూడో దశ, నోరీన్. లేచి బయల్దేరు. మంట కొండ దాటింది. వాగు మలుపు దగ్గర రోడ్డు మీదికొస్తుందంటున్నారు."

"నా గాడిదలు?"

"నా ట్రైలర్ నిండా గొర్రెలున్నాయి తల్లీ. దింపి తిరిగొచ్చేసరికి దారి ఉండదు."

"నడిపించుకుని పోతే?"

"వాగు మలుపు దాకా వెళ్తావు, అంతే." అతను దుప్పటి కింది ఇంజను చూశాడు, గార్త్‌ని చూశాడు. "ఏరా, ఇదా సమయం?" అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

నోరీన్ దొడ్డి వైపు చూసింది. దొడ్లో కంచరగాడిదలు ఆరూ ఒకే వైపు, పడమటికి, చెవులు రిక్కించి నిలబడ్డాయి. ఐదే, ఆరు కాదు. ఆరోది గుర్రం. లెక్క కూడా తప్పుతోంది ఆమెకి.

"నీళ్ళు ఇప్పుడే పోసేస్తే?"

"ఆరని జిగురు జారిపోతుంది. నీళ్ళు సిలిండర్లోకి దిగుతాయి. గేటు కూడా దాటం." గార్త్ గడ్డం గీరుకున్నాడు. "అక్కా, పొయ్యొద్దు."

"ఏంటి?"

"నీళ్ళు పొయ్యొద్దు. పొడిగానే పోదాం. ఏటి వంతెన దాకా అంతా దిగుడే కదా. అది వేడెక్కి చచ్చేలోపు వంతెన దాటితే చాలు. అవతలన్నీ కోసేసిన పొలాలు, అక్కడ కాలడానికేం లేదు."

"రెండ్రోజులు చచ్చీ చెడీ చేశావు. నీ ఇంజను మాడిపోదూ?"

"నాదేంటి, నీ ఇంజను" అన్నాడు గార్త్, నవ్వబోయి. నవ్వు రాలేదు. "పద, ఎక్కించు."

అతను వేడి ప్లగ్గులు తీసి, ఇంజన్ని ఒట్టినే తిప్పి, సిలిండర్లలో నిలిచిన నూనెంతా బయటికి చిమ్మించాడు. నోరీన్ కంచరగాడిదల్ని ఎక్కించింది. అన్నిటికన్నా మొండివాడు డీకన్, అందుకని వాణ్ణి ముందుగా ఎక్కించి అన్నిటికన్నా లోపల కట్టింది. చివర్న ముసలి గుర్రం ఓపల్‌ని ఎక్కించింది. ఓపల్ మెడలో గంట ఉంటుంది. కంచరగాడిదలకి దారీ తెన్నూ అదే. ఆ గంట ఎటు పోతే అవి అటు పోతాయి. అది కనిపించకపోతే తల్లి తప్పిపోయిన పిల్లల్లా గోల పెడతాయి.

ఇంజను తెల్లపొగ కక్కి అంటుకుంది. గేటు దాటేటప్పుడు నోరీన్ ఇంటి వైపు చూడలేదు.

మొదట్లో బాగానే నడిచింది, అదే ఆమెకి నచ్చలేదు. ఎదురుగా వేడి చూపించే ముల్లు చల్లగా అట్టడుక్కి పడుకుని ఉంది. అది కొలిచేది నీళ్ళ వేడిని. నీళ్ళే లేనప్పుడు దానికేం తెలుస్తుంది? చలికాలం పొద్దున్న ఎలా ఉంటుందో అలా ఉంది ముల్లు, బానెట్ సందుల్లోంచి రంగు కాలుతున్న వాసన వస్తోంది. ఆకాశం ఇటుక రంగుకి తిరిగింది. మధ్యాహ్నమే గార్త్ లైట్లు వేశాడు. వాగు మలుపు దగ్గర ఎడమవైపు వాలు మీద చెట్లు ఒక్కొక్కటిగా భగ్గుమంటున్నాయి. ట్రైలర్లో గిట్టల చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

"మాట్లాడక్కా, ఏదైనా మాట్లాడు" అన్నాడు గార్త్.

"ఏం మాట్లాడను? నిన్ను తిట్టనా?"

"తిట్టు."

ఆమె తిట్టలేదు. మలుపు దాటారు. పొగ పలచబడింది. దూరంగా కింద వంతెన ఇనుప కమ్మీలు కనిపించాయి. నోరీన్‌కి ఊపిరాడింది. కానీ వంతెనకి ముందు ఒకే ఒక ఎత్తు ఉంది. మామూలు రోజుల్లో అది ఎత్తని కూడా ఎవరూ అనరు. గార్త్ వేగం అందుకుని ఎక్కించాడు. సగంలో ఇంజను లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు మొదలైంది. అతను పెదవి కొరుక్కుని ఇంకా తొక్కాడు. పెద్ద కీచుమోతతో ఇంజను బిగుసుకుపోయింది.

అలవాటు కొద్దీ గార్త్ క్లచ్ నొక్కాడు. ట్రైలర్ బరువు ట్రక్కుని వెనక్కి లాగింది. ఇంజను ఆగిపోయిందేమో, బ్రేకు రాయిలా బిగిసి తొక్కినా పట్టలేదు. క్లచ్ వదిలి బండిని ఆపేలోపే ట్రైలర్ అడ్డం తిరిగి, దాని వెనక చక్రం ఒకటి రోడ్డు అంచు దాటి గాల్లోకి వెళ్ళిపోయింది. కింద ఏటి లోయ.

ఇద్దరూ దూకి వెనక్కి పరిగెత్తారు. తలుపు తీయగానే ఓపల్ దిగింది. దాని వెనకే నాలుగు కంచరగాడిదలు ఒకదాన్నొకటి తోసుకుంటూ దిగాయి. ఆ కుదుపుకి ట్రైలర్ ఇంకాస్త ఒరిగింది. చక్రాల కింద కంకర గలగలా జారుతోంది. డీకన్ లోపల అట్టచివర, కాళ్ళు నాలుగూ బిగదన్ని నిలబడ్డాడు.

గార్త్ లోపలికి దూరాడు. చాకుతో తాడు కోసేశాడు. డీకన్ కదల్లేదు.

"వాణ్ణి వదిలెయ్! బయటికి రా!"

"వస్తాడక్కా. గుర్రాన్ని తీసుకుపో నువ్వు. గంట దూరమైతే వాడే వస్తాడు."

"గార్త్, చెప్తే వినవేంట్రా!"

"సగంలో ఎలా వదిలేస్తాను? పో! నువ్వు నిలబడితే వాడూ నిలబడతాడు."

అది నిజమేనని ఆమెకి తెలుసు. అందుకే ఓపల్ పగ్గం పట్టుకుని వంతెన వైపు నడిచింది. గుర్రం ఆగితే పని చెడుతుంది కాబట్టి ఆగలేదు, తల తిప్పలేదు. గంట మోగుతోంది. నాలుగు కంచరగాడిదల గిట్టల చప్పుడు వెంట వస్తోంది. వెనక డీకన్ ఒక్కసారి ఏడుపులాంటి అరుపు అరిచాడు. రేకు మీద గిట్టల దడదడ వినిపించింది. ఆ వెంటనే ఇనుము, రాయి కలిసి విరిగిన చప్పుడు చాలాసేపు కిందికి, కిందికి పోయింది.

డీకన్ తెగిన తాడు ఈడ్చుకుంటూ వచ్చి ఓపల్ మెడకింద తల దూర్చాడు. వాడి ఒళ్ళంతా వణుకుతోంది. ఐదూ వచ్చేశాయి.

నోరీన్ వెనక్కి తిరిగింది. రోడ్డు మీద ట్రైలర్ లేదు. ట్రక్కూ లేదు.

"గార్త్!"

ఆమె అంచు దాకా పరిగెత్తింది. పగ్గం చేతిలోనే ఉంది కాబట్టి గుర్రం ఆమె వెంట వచ్చింది, గుర్రం వెంట అవన్నీ వచ్చాయి, మంట వైపు.

"గార్త్! ఒరేయ్!"

కింద పొదల్లోంచి, చాలా కిందనించి, "అక్కా" అని వినిపించింది. "కాలు... కాలు మీద ఏదో ఉంది."

దిగాలంటే తాడు కావాలి. పనికొచ్చే పొడుగున్నది ఓపల్ పగ్గమొక్కటే. గుర్రాన్ని కట్టేస్తే మంట వచ్చినప్పుడు కట్టేసిన చోటే కాలిపోతాయి అన్నీ. వదిలేస్తే ముసలి గుర్రం ఎటు పోతుందో ఆమెకి తెలుసు. ఏ గుర్రమైనా భయమేస్తే ఇంటికే పోతుంది. ఇల్లు ఆ పొగలో ఉంది.

నోరీన్ పగ్గం విప్పేసింది. ఓపల్ మూతిని వంతెన వైపు తిప్పి, పిర్ర మీద బలంగా ఒక్కటి చరిచింది. అది రెండడుగులు వేసి ఆగి, మెడ తిప్పి చూసింది. ఆమె ఇంక దాని మొహం చూడలేదు. పగ్గాన్ని రోడ్డు అంచున పాతి ఉన్న కొయ్యకి ముడివేసి, పట్టుకుని కిందికి జారింది. ముళ్ళు గీరుకున్నాయి, రాళ్ళు జారాయి. పైన గంట కదిలింది. మొదట మెల్లగా, తర్వాత పరుగున. ఎటు పోతోందో ఆ రాళ్ళ చప్పుడులో తెలియలేదు.

గార్త్ తలకిందులైన ట్రైలర్ పక్కన పడి ఉన్నాడు. తలుపు రేకు తొడ మీద ఉంది. మొహం సున్నం కొట్టినట్టుంది.

"డీకన్ వచ్చాడా?" అన్నాడు.

"వచ్చాడు."

"అన్నీ వంతెన దాటాయా అక్కా?"

నోరీన్ రేకు కింద భుజం పెట్టింది.

"దాటాయిరా, అన్నీ దాటాయి" అంది. "నేను ఎత్తగానే లాక్కో."