నీడలో బెంచీలు

మా ఆయన రామ్మోహన్ అమెరికా గడ్డ మీద కాలు పెట్టలేదు గానీ, ఆ దేశం నడిమధ్యనున్న కార్విల్ అనే ఊరి డౌన్‌టౌన్‌లో ఏ గోడది ఏ రంగో కళ్ళు మూసుకుని చెప్పేస్తారు. మేముంటున్న గల్ఫు ఊరు సలాలాలో మా వెనకవీధి పేరు అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తారు. ఏం మనిషో!

ఆయన పని చేసే చిన్న డ్రాయింగ్ ఆఫీసుకు అమెరికా కంపెనీ ఒకటి ఆ ఊరి పని పంపింది. చచ్చిపోతున్న డౌన్‌టౌన్ మళ్ళీ బతికితే పైనుంచి ఎలా కనిపిస్తుందో కంప్యూటర్‌లో గీసి చూపించాలి. నచ్చితే మిగతా ఊళ్ళ పనీ ఇక్కడికే వస్తుంది. నచ్చకపోతే ఆయన కుర్చీ ఉండదని మేనేజర్ ప్రభాకర్ ముందే చెప్పేశాడు. కుర్చీ పోతే వీసా పోతుంది, వీసా పోతే మూటాముల్లె సర్దుకోవాలి. మా తన్మయి పన్నెండో తరగతి మధ్యలో ఉంది. ఈ వయసులో ఈయనకు ఇంకోచోట పని ఎవరిస్తారు? అందుకని నెలల తరబడి మా ఇల్లు ఇల్లంతా కార్విల్‌లోనే కాపురం పెట్టింది.

ఊరేమంత గొప్పగా లేదు. నది ఒడ్డున నాలుగు వీధులు, ఎర్ర ఇటుకల మేడలు, ఆగిపోయిన గడియారంతో ఒక బ్యాంకు, పేరులో సగం అక్షరాలు రాలిపోయిన సినిమా హాలు. దుకాణాలు కూల్చినచోటల్లా కార్లు పెట్టుకునే స్థలాలు చేశారు, వాటిలో కార్లూ లేవు.

“ఇంత దిక్కుమాలిన ఊరు ఎలా బాగుపడుతుందండీ?” అన్నాను ఒకరోజు.

“ఊరేం పాపం చేసిందే? ఫ్యాక్టరీ మూసేస్తే జనం పోయారు. నలుగురు కూర్చునే చోటుంటే మళ్ళీ వాళ్ళే వస్తారు,” అన్నారు.

ఆ చోటు కోసం ఆయన పడ్డ పాట్లు చూడాలి! గడియారం నడిపించారు, సినిమా హాలుకు అక్షరాలు పెట్టారు, ఇక బెంచీల దగ్గరకొచ్చేసరికి తిండీ నిద్రా మర్చిపోయారు. మేడలకు ఉత్తరం వైపు, పొద్దల్లా ఎండ తగలని చోట్లు వెతికి వెతికి వేశారు. గల్ఫులో జుట్టు నెరిసిన మనిషికి కూర్చునే చోటంటే నీడే. ఇక్కడ మేం కారు ఆపాలన్నా ముందు నీడ చూసుకుంటాం, తర్వాతే దుకాణం. ఒక బెంచీ మీద నన్నూ తన్మయినీ కూడా కూర్చోబెట్టారు.

“నాకీ గొంగళిలాంటి కోటేంటండీ?” అంటే, “అక్కడ చలి కదే,” అన్నారు. చలని తెలుసు మరి!

జనవరిలో ఒక సాయంత్రం ఇంట్లోంచే వీడియో కాల్. నేనూ తన్మయీ వంటింటి గుమ్మంలో నిలబడ్డాం. తెర మీద బొమ్మలు చూసి ఒప్పుకోవాల్సిన పెద్దావిడ, కార్విల్‌లోనే పుట్టి పెరిగిందట. గడియారం నడుస్తుంటే చూసి కళ్ళు తుడుచుకుంది. తన్మయి నా చెయ్యి గట్టిగా నొక్కింది. గట్టెక్కామనుకున్నాను.

అప్పుడడిగింది ఆవిడ, బెంచీలన్నీ ఉత్తరం పక్కనే ఎందుకున్నాయని.

“నీడ కోసమండీ,” అన్నారు మా ఆయన ఇంగ్లీషులో, కాస్త గర్వంగానే.

“ఆ వైపు మంచు మార్చి దాకా కరగదు. జారిపడతామని మేం అటు నడవం కూడా. శీతాకాలమంతా ఎండ పడే చోటే చేరతాం,” అంది మెత్తగా. ఆ మెత్తదనమే నా ప్రాణం తీసింది. తిట్టి ఉంటే దిద్దుకొమ్మంటోందని అనుకునేదాన్ని. తెర మీద మంచు కరగని ఆ వైపే నేనూ తన్మయీ నవ్వుతూ కూర్చుని ఉన్నాం.

“మార్చేస్తానండీ, వెంటనే మార్చేస్తాను,” అని ఆయన అంటూనే ఉన్నారు. ఆవిడ చాలా బాగుంది, చాలా బాగుంది అంటూనే కాల్ ముగించింది.

మర్నాడు పొద్దున ప్రభాకర్ ఫోన్ చేశాడు. “రామ్మోహన్ గారూ, ఆ చలి తెలిసినవాళ్ళకే పని ఇచ్చుకుంటారటండీ. నా చేతిలో ఏం లేదు. ఒకసారొచ్చి వీసా రద్దు కాగితాల మీద సంతకాలు పెట్టి వెళ్ళండి.”

వెళ్ళారు. మధ్యాహ్నం ఇక్కడ రోజూ దుకాణాలు మూసే వేళకు కారు వచ్చింది గానీ మనిషి మేడ మీదికి రాలేదు. బాల్కనీలోంచి వంగి చూశాను. పైనుంచి మా వీధంతా కనిపించింది. షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి, రోడ్డు మీద పిట్ట లేదు. మూసిన దర్జీ కొట్టు మెట్టు మీద, నడి ఎండలో, మా ఆయన. పక్క మెట్టు మీదే నీడ ఉంది.

నాకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. “ఏవండీ! ఆ ఎండలో ఏంటి? నీడలోకి జరగండి!”

ఆయన తలెత్తి చూశారు. “ఉండవే సీతా. వాళ్ళకిది హాయిగా ఉంటుందట,” అన్నారు. “నాకు మాత్రం కాలిపోతోందే.”

అయినా జరగలేదు. నేను చెప్పులేసుకుని కిందికి దిగి ఆయన పక్కన, ఆ ఎండలోనే కూర్చున్నాను. తన్మయి స్కూలు బస్సు వీధి మలుపు తిరిగింది. పిల్లకు ఎవరం చెప్పాలో మాకింకా తేలలేదు.