హెస్టర్ తాగిన కాఫీ

"నీ చేతులు శుభ్రంగా ఉంటాయి వెర్నా, తెల్లది నువ్వే పిసుకు" అన్నాడు మా ఆయన లైల్, మా స్టూడియో పెట్టిన మొదటి వారంలో. అది మెచ్చుకోలనుకుని పొంగిపోయాను. ఎంత వెర్రిదాన్నో! ఏడేళ్ళయింది. ఇప్పటికీ పొద్దున్న స్టూడియో తలుపు తీయగానే నా మొదటి పని అదే.

బొమ్మల మట్టి చలికి రాయిలా బిగుసుకుపోతుంది. హీటరు పక్కన పెట్టి, ముద్దముద్దగా తీసి, రొట్టెల పిండిలా అరగంట పిసికితే గానీ చెప్పినట్టు వినదు. తెల్లదైతే మరీ గారాబం. ఎర్ర మట్టి తగిలిన వేలు సోకితే గులాబీ మరక, ఉన్ని స్వెటరు తగిలితే నూగు. అందుకని మా దగ్గర ఒక నియమం ఉంది. తెల్లది పట్టుకున్నవాళ్ళు ఆ రోజంతా ఇంకే రంగూ ముట్టుకోకూడదు. నియమం మంచిదే. కాని దానివల్ల జరిగిందేమిటంటే, వీరులూ దొంగలూ వరదలూ అన్నీ మగవాళ్ళ బల్లల మీదికి పోయాయి. చొక్కా కాలర్లూ, మంచూ, దుప్పట్లూ, పళ్ళేలూ, కనుగుడ్లూ నాకు మిగిలాయి. ఎన్ని వందల జతల కళ్ళు చేశానో లెక్కలేదు. చేసి ఇచ్చేదాన్ని. అవి ఎటు చూడాలో వేరేవాళ్ళు తిప్పేవాళ్ళు.

ఈ సంవత్సరం మేం మా మొదటి పెద్ద సినిమా తీస్తున్నాం. గంటన్నర సినిమా, మొత్తం మట్టి బొమ్మలతోనే. ఆంబ్రోస్ టల్లీ మీద. ఆయన కథలు బళ్ళో చదవకుండా ఈ రాష్ట్రంలో ఎవరూ పెద్దవాళ్ళు కాలేదు. దుంగల మీద నదిలో కొట్టుకుపోయే కూలీలు, అబద్ధాలాడే నీటిపిల్లి, తుపాను మీద దావా వేసిన వంటవాడు, అంతా ఆయన సృష్టే. లైల్‌కి వచ్చిన ఆలోచన నిజంగా గొప్పది, ఆ మాట ఒప్పుకోవాలి. ముసలి ఆంబ్రోస్ ఆఖరి చలికాలం. రాసి వదిలేసిన కథల్లోని మనుషులు ఆయన బల్ల సొరుగుల్లోంచి ఒక్కొక్కరే దిగివచ్చి, మా కథలకి ముగింపేదీ అని నిలదీస్తారు. ఆంబ్రోస్‌ని లైల్ స్వయంగా చేస్తున్నాడు. ఆ బొమ్మని ఇంకొకళ్ళు ముట్టుకోవడానికి వీల్లేదు.

ఆంబ్రోస్‌కి ఒక భార్య ఉంది, హెస్టర్. ఆవిడ ఏ కథలోనూ లేదు కాబట్టి ఏమీ అడగదు. స్క్రిప్ట్‌లో ఆవిడ గురించి ఉన్నది ఒక్కటే వాక్యం. హెస్టర్ కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి, చిరునవ్వు నవ్వి వెళ్ళిపోతుంది. నాలుగు సెకన్లు. తెల్ల జుట్టు, తెల్ల టోపీ, తెల్ల ఏప్రాన్. మనిషంతా తెలుపే. అందుకని నాకొచ్చింది.

"సరదాగా ఉంటుంది, చెయ్యి" అన్నాడు లైల్. "ఆంబ్రోస్ వీపొక్కటే కనిపిస్తుంది, కదిలించక్కర్లేదు. నీకు ఇబ్బంది ఉండదు."

ఏడేళ్ళలో నాకంటూ ఇచ్చిన మొదటి బొమ్మ. ఎవరికీ కనబడకుండా బాత్రూములోకెళ్ళి ఏడ్చాను. సంతోషమే, ఇంకేం కాదు.

నాలుగు సెకన్లంటే నలభై ఎనిమిది భంగిమలు. చెయ్యి రవ్వంత జరపడం, వేలిముద్రలు నున్నగా తుడవడం, వెనక్కి వచ్చి కెమెరా నొక్కడం, మళ్ళీ ముందుకెళ్ళడం. ఒక్కసారి మొదలుపెట్టాక బల్ల కదలకూడదు, లైట్లు మారకూడదు. అందుకే ప్రతి బల్ల చుట్టూ నల్ల తెర, బయట ఎర్ర దీపం. అది వెలిగిందంటే ఇల్లు తగలబడుతున్నా లోపలికి రాకూడదు. మా అందరిలో చెయ్యి తిరిగినవాడు కర్టిస్. వాడి తెర దగ్గరకొస్తే లైల్ కూడా బూట్లు విప్పి మునివేళ్ళ మీద నడుస్తాడు.

మొహం చెయ్యడానికి మేం పక్కనే ఒక అద్దం పెట్టుకుంటాం. బొమ్మ నవ్వాలంటే ముందు మనం నవ్వి చూసుకోవాలి. పెదవి ఎప్పుడు లేస్తుంది, బుగ్గ ఎప్పుడు కదులుతుంది, కన్ను ఎంత చిన్నదవుతుంది అన్నీ చూసి, అవే మట్టిలో దింపాలి. ఖాళీ ట్రే ఒకటి పట్టుకుని అద్దం ముందుకొచ్చి, కాఫీ తెచ్చినట్టు నవ్వాను. ముందు పెదవులు లేచాయి. కళ్ళు లేవలేదు. అవతలివాళ్ళు చూడటంలేదని తెలిశాక పెదవులు వాటంతటవే దిగిపోయాయి. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. ఈ నవ్వు నాకు కొత్త కాదు. రోజుకి మూడుసార్లు లైల్ గదిలోకి ఇదే మొహంతో వెళ్తున్నానన్నమాట. పదహారేళ్ళ కాపురంలో నా మొహం ఎలా ఉంటుందో ఉద్యోగం కోసం చూసుకోవాల్సొచ్చింది. అయ్యో తల్లీ అనుకున్నాను, నన్నో హెస్టర్‌నో తెలీకుండా.

ఆరో రోజు, ముప్ఫై తొమ్మిదో భంగిమ. ఎర్ర దీపం వెలుగుతోంది. ఊపిరి బిగబట్టి ఆవిడ మోచెయ్యి జరుపుతున్నాను. తెర సర్రున తొలిగింది. పగటి వెలుతురు భళ్ళున బల్ల మీద పడింది.

"హనీ, మస్టర్డ్ సీసా ఎక్కడ పెట్టావు?" అంటూ లోపలికి వంగి, బల్ల మీద చెయ్యి ఆనించాడు లైల్. హెస్టర్ పక్కనున్న కుర్చీ పక్కకి పడిపోయింది.

పదకొండుమందికి సాండ్‌విచ్‌లు పొద్దున్నే చేసి పెట్టాను. మస్టర్డ్ సీసా వాటి పక్కనే ఉంది. చెప్పాను కూడా, "రొట్టెల పక్కనే" అని. అలవాటు కదా, నోరు దానంతటదే చెప్పేసింది. తర్వాత చూసుకున్నాడు ఏం చేశాడో.

"అయ్యయ్యో. సారీ, సారీ వెర్నా. దీపం చూశాను, నువ్వే కదా అని..." తల గోక్కున్నాడు. "పోనీలే, మళ్ళీ తీద్దువుగాని. నీకు ఓపిక ఎక్కువ."

నువ్వే కదా అని! కర్టిస్ తెర తీసే ధైర్యం ఉందా నీకు అని అడగాలనిపించింది. ఒళ్ళు మండిపోయింది. కాని అతని మొహం చూస్తే నిజంగానే బాధపడుతున్నాడు. లైల్ చెడ్డవాడైతే నాకు ఎంతో సుఖంగా ఉండేది. చెడ్డవాడు కాడు. జ్వరమొస్తే పక్కన కూర్చుని తడిగుడ్డ వేస్తాడు. నా పుట్టినరోజుకి నా బొమ్మే మట్టితో చేసి ఇచ్చాడొకసారి, అందులో నేను వంగి ఓవెన్ లోంచి ఏదో తీస్తున్నాను. "అచ్చం నువ్వే!" అని మురిసిపోయాడు. మా అత్తగారు ఇంగా కూడా చూసి, "మా లైల్‌కి ఎంత గమనింపో చూడు పిల్లా" అంది. గమనింపే. వంగిన వీపు వంపు ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా పట్టాడు.

సోమవారం మళ్ళీ మొదలుపెట్టాను. కుర్చీ లేపి నిలబెట్టాను. హెస్టర్ ట్రే పట్టుకుని వచ్చింది, బల్ల దగ్గర ఆగింది. ఆంబ్రోస్ వీపు అలాగే ఉంది. ఇప్పుడు నవ్వాలి. అద్దంలోకి చూశాను. నవ్వు రాలేదు. నిజం చెప్తున్నాను, ఎంత ప్రయత్నించినా రాలేదు. రానిదాన్ని మట్టిలో ఎలా దింపను? సరే, నవ్వకపోతే ఈవిడ ఏం చేస్తుంది అనుకున్నాను. ట్రే బరువుగా ఉంది. బయట మంచు. కాళ్ళు లాగుతున్నాయి. పక్కనే కుర్చీ ఉంది.

కూర్చోబెట్టాను.

మిగతాదంతా ఆవిడే చేసింది, నేను వెంటబడ్డానంతే. కుర్చీ అంచున కూర్చుంది మొదట, ఎవరైనా పిలిస్తే లేవడానికి వీలుగా. కాసేపయ్యాక వెనక్కి జారబడింది. కప్పు రెండు చేతుల్లోకి తీసుకుంది. ఒకసారి ఆ వీపు వైపు చూసింది. తాగింది. కాఫీ తగ్గుతున్నట్టు కనిపించడానికి గోధుమరంగు మట్టితో తొమ్మిది చిన్న బిళ్ళలు చేశాను, ఒకదానికంటే ఒకటి పల్చన. తెల్ల చేతులతో రంగు ముట్టకూడదు కదా, పుల్లతో పెట్టాను, పుల్లతో తీశాను. ఆఖరి గుక్క అయ్యాక ఆవిడ కళ్ళు మూసుకుంది. అప్పుడు నవ్వింది. ఆ నవ్వు ముందు కళ్ళలో మొదలైంది. ఎలా తెలుసంటే, అద్దంలో నాకూ అలాగే వచ్చింది. నాలుగు సెకన్లు పదకొండయ్యాయి. మూడు వారాలు పట్టింది. ఎవరూ నన్నేమీ అడగలేదు. వెర్నా నిదానం అనుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం లాబ్ నుంచి వచ్చిన రీళ్ళు అందరం కలిసి చూస్తాం. ఇంగా ప్రతి శుక్రవారమూ ఏలకుల రొట్టెలు తెచ్చి మాతోపాటు కూర్చుంటుంది. ఆ రోజు మొదట కర్టిస్ వరద. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. తర్వాత హెస్టర్ వచ్చింది. పక్కనున్న ఇంగా వైపు చూడటానికి భయమేసింది. హెస్టర్ కూర్చోగానే ఎవరో కిసుక్కుమన్నారు. తాగడం మొదలెట్టేసరికి కర్టిస్ పగలబడి నవ్వాడు, "ముసల్ది భలే చేసిందిరోయ్!" అని. కళ్ళు మూసుకునేసరికి ఎవరూ నవ్వలేదు. లైట్లు వేశారు.

లైల్ కుర్చీలోంచి లేవలేదు. "బాగుంది" అన్నాడు చివరికి, తెల్ల తెర వైపే చూస్తూ. "చాలా బాగుంది వెర్నా. కాని స్క్రిప్ట్‌లో ఇది లేదు. తర్వాతి సీనులో ఆంబ్రోస్ ఆ కాఫీ తాగుతాడు, అప్పుడే ఆయనకి ముగింపు తడుతుంది. మళ్ళీ తియ్యాలి. నీకెలాగూ ఓపిక..."

"లేదు" అన్నాను.

"ఏం లేదు?"

"ఓపిక. ఎప్పుడూ లేదు లైల్. ఉన్నట్టు కనబడ్డానంతే. కావాలంటే కత్తిరించి పారెయ్, దర్శకుడివి నువ్వు. నేను మాత్రం ఆవిణ్ణి లేపను."

పదిమందిలో మొగుడికి ఎదురుచెప్పడం నాకదే మొదలు. కర్టిస్ తన బూట్ల లేసుల ముడి విప్పి మళ్ళీ ముడేసుకోవడం మొదలుపెట్టాడు. అత్తగారి ముందు పరువు పోయిందే అనుకుంటూ ఇంగా వైపు చూశాను. ఆవిడ చేతిలో రొట్టె అలాగే ఉంది, కొరకలేదు.

"లైల్" అంది ఇంగా. "మీ నాన్నకి నలభై ఒక్క ఏళ్ళు కాఫీ పోశాను. నేను కూర్చుని తాగడం ఎప్పుడైనా చూశావా?"

లైల్ తికమకపడ్డాడు. "నువ్వు కాఫీ తాగవు కదమ్మా?"

"ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు, పాపం. యాభై ఏళ్ళ మనిషి, తల్లికి కాఫీ ఇష్టమని ఇవాళే విన్నాడు. ఇంగా నా మోకాలి మీద చెయ్యి వేసింది. రొట్టెల నూనె అంటిన చెయ్యి, వెచ్చగా ఉంది. "కుర్చీ అంచున కూర్చోబెట్టావు చూడు మొదట, అక్కడ పట్టేశావు పిల్లా" అంది మెల్లగా. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. దాచుకోలేదు కూడా.

అందరూ ఒక్కొక్కరే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయారు. ఇంగాని కారు దాకా దిగబెట్టడానికి కర్టిస్ వెళ్ళాడు. లైల్ ప్రొజెక్టరు దగ్గరికి పోయి, రీలు వెనక్కి తిప్పి, మళ్ళీ చూశాడు. మూడుసార్లు చూశాడు. మూడోసారి హెస్టర్‌ని కాక, ముందున్న ఆ వీపునే చూస్తున్నాడని నాకు అర్థమైంది. తన చేత్తో చేసిన వీపు. పదకొండు సెకన్లూ అది కదలలేదు.

"వెర్నా" అన్నాడు. దర్శకుడి గొంతు కాదది, దారి తప్పినవాడి గొంతు. "కప్పు ఖాళీ అయిపోయింది. ఆవిడ అక్కడే కూర్చునుంది. ఇప్పుడు మరి ఆంబ్రోస్ ఏం చేస్తాడు?"

అడిగినదానికి వెంటనే జవాబు వెతికిపెట్టడం నాకు పదహారేళ్ళ అలవాటు. ఇంచుమించు వెతికేశాను కూడా. వెనక్కి తిరుగుతాడనో, క్షమించమంటాడనో, లేచి తనే ఇంకో కప్పు పోసుకొస్తాడనో, నాలుక చివరి దాకా వచ్చింది. ఆపుకున్నాను. కుర్చీలో వెనక్కి జారబడి కూర్చున్నాను.

"నాకేం తెలుసు లైల్? ఆయన్ని చేసేది నువ్వు కదా."