వాడుకలో లేని ఊట

సత్యకుమారి రాసిన నివేదిక నలభై పేజీలు. జి.మాడుగుల దాటాక కొండల నడుమ గోల్ఫ్ మైదానం కడితే పెట్టుబడి తిరిగి వస్తుందా అని విశాఖలో ఒక కంపెనీ అడిగింది. వస్తుందని ఆమె తేల్చింది. భూమి లీజు సంగతి పై అధికారులతో చూసుకుంటామన్నారు వాళ్ళు. చలికాలం లంబసింగికి వచ్చే జనం, రోడ్డు, గదుల అద్దెలు అన్నీ కలిసొచ్చాయి. అన్నిటికన్నా కలిసొచ్చింది నీళ్ళు. మైదానంలో గడ్డి పచ్చగా ఉండాలంటే ఎండాకాలం రోజుకు ఎనిమిది లక్షల లీటర్లు కావాలి. కింద నుంచి మోటార్లతో తోడితే ఖర్చు లాభాన్ని మింగేస్తుంది. కానీ ఏడాది పొడుగునా పారే ఊట ఒకటి అక్కడే ఉంది. ‘ఈ ఊట ప్రస్తుతం ఎవరి వాడుకలోనూ లేదు’ అని పన్నెండో పేజీలో రాసింది.

"ఆ ఒక్క ముక్కతో ప్రాజెక్టుని నిలబెట్టేవమ్మా" అన్నాడు ఆమె పనిచేసే ఆఫీసులో పెద్దాయన వరహాలరావు.

కంపెనీవాళ్ళు ఊట ఫోటోలు ఇంకో నాలుగు కావాలన్నారు. జనవరిలో ఒక ఉదయం ఆమె మళ్ళీ కొండెక్కింది. ఊట దగ్గర ఇరవై మంది ఆడవాళ్ళు బిందెలతో వరుసలో ఉన్నారు. గట్టు మీద బట్టలు, దిగువన పశువులు. సత్యకుమారి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"నీళ్ళమ్మ వొచ్చిందే! బేగి దారియ్యండి" అని అరిచింది దేముడమ్మ. నవంబరులో రెండు రోజులు సత్యకుమారి ఉన్నది ఆవిడ ఇంట్లోనే.

"దేముడమ్మా, అప్పుడు నేనొచ్చినప్పుడు ఇక్కడ ఎవరూ లేరు కదా?"

"ఎలాగుంటారమ్మా? కొత్తల పండగ కదా. కొత్త సామలు వొండే ముందు మూడ్రోజులు మా ఊరోళ్ళం ఊట ముట్టుకోం. తల్లిని పడుకోనిస్తాం. కింద గెడ్డ కాడికెళ్ళి తెచ్చుకుంటాం."

గెడ్డంటే ఆ కొండవాగు, మైలున్నర దిగువన. ఆ రెండు రోజులూ రెండేసి బిందెల వేడి నీళ్ళతో స్నానం చేసింది సత్యకుమారి. చిన్న గొంతుతో అడిగింది. "మరి నేను ఊటలోకి దిగాను, బూట్లతో. ఎవరూ ఆపలేదేం?"

"కొళాయిల కోసం కొలుత్తన్నావు గదా, ఏటంటాం?" అంది దేముడమ్మ. "నువ్వెళ్ళాక కోడిని కోసి తప్పు చెల్లించుకున్నాంలే. కొళాయెప్పుడొస్తాది, అది సెప్పు."

సత్యకుమారికి తల కొట్టేసినట్టయింది. అప్పట్లో ఎందుకొచ్చావని అడిగితే, గొడవ దేనికని, నీళ్ళ సర్వే అని చెప్పింది. అబద్ధం కాదు కదా అనుకుంది. ఇప్పుడు ఫోటోలు తీసుకుని, కొళాయి త్వరలో వస్తుందని చెప్పి దిగిపోవచ్చు. వీళ్ళు ఎండాకాలం దాకా ఎదురు చూస్తారు. తర్వాత ఇనుప కంచె వస్తుంది.

"కొళాయి రాదు" అంది.

బిందె నింపుకుంటున్న దేముడమ్మ కోడలు చిట్టి తలెత్తింది. "మరి దేనికి కొలిచేరు మేడమ్?"

చెప్పింది. డబ్బున్నవాళ్ళు కర్రతో చిన్న బంతిని కొట్టి ఆడే ఆట అనీ, దానికి కొండంత మేర గడ్డి పెంచుతారనీ, ఊట మొత్తం ఆ గడ్డికి మళ్ళిస్తారనీ. ఎవరూ వాడరని తానే రాసినట్టు కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ గట్టు మీది బట్టల్నే చూసింది.

"గడ్డికా?" అని ఎవరో చిన్నపిల్ల పకపకా నవ్వింది. తక్కినవాళ్ళు నవ్వలేదు.

"పశువులైనా మేత్తాయా దాన్ని?" అంది దేముడమ్మ.

"మేయనివ్వరు."

సిగ్నల్ దొరికే మలుపు దాకా నడిచి వరహాలరావుకి ఫోన్ చేసింది. చిట్టి, మరో ఇద్దరు వెంట వచ్చారు.

"సార్, నీళ్ళ సంగతి నేను రాసింది తప్పు. ఊరంతా ఈ ఊట మీదే ఉంది. ఈ నీళ్ళు లెక్కలోంచి తీసేస్తే ప్రాజెక్టు గిట్టుబాటు కాదు."

"నెల కిందట పంపేసిన రిపోర్టమ్మా అది! ఇప్పుడు తప్పంటే మన మొహం ఎవడు చూస్తాడు? నీ ఉద్యోగం నాచేత తీయించకు."

"కంపెనీకి నేనే రాస్తాను సార్. మీ పేరు రాదు."

నోట్‌బుక్ తీసి, అక్కడే ఒక బండ మీద కూర్చుని రాసింది. చిట్టి పదో తరగతి దాకా చదివింది. కాగితం చేతిలోకి తీసుకుని మిగతావాళ్ళకు వినిపించింది. ‘స్థానిక ఆచారం తెలియకపోవడం వల్ల పొరపాటు జరిగింది’ అన్న చోట ఆగింది.

"ఇది బాగోలేదు మేడమ్. మా పండగే పొరపాటన్నట్టుంది."

"మరేం రాయను?"

"రెండ్రోజులు ఈ ఊళ్ళో తిన్నాను, ఊట ఎవరిదని ఒక్కరినీ అడగలేదు అని రాయండి."

సత్యకుమారి వాక్యం కొట్టేసింది. చిట్టి చెప్పింది చెప్పినట్టే రాసి, కింద సంతకం పెట్టి, ఫోటో తీసి కంపెనీకి పంపింది. వెళ్ళిందో లేదో చూడమని చిట్టి పక్కనే నిలబడింది.